డెబ్బై దాటిన రాక్ గాయకుణ్ని లైవ్‌లో చూడబోతున్నారా? ఇలా సిద్ధమవ్వండి

ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్స్‌లో విన్న గొంతు ఒకటి ఇప్పుడు డెబ్బయ్యో ఎనభయ్యో దాటింది, అయినా ఇంకా టూర్లు చేస్తోంది, మీకేమో వెళ్లే వీలు దొరికింది. అయితే తప్పకుండా వెళ్లండి. కానీ ఏ ఆలోచనా లేకుండా టికెట్ కొనేసి వెళ్లి కూర్చున్నవాళ్లు ఎలా తిరిగొస్తారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే మొదటిసారి నేనూ అలాగే వచ్చాను, "రికార్డులో ఉన్నట్టు లేదు, గొంతు పోయింది" అని దారంతా గొణుక్కుంటూ. నేను వినడానికి వెళ్లింది పాతికేళ్ల కుర్రాణ్ని. స్టేజీ మీద ఉన్నది ఆ కుర్రాడికి తాత వయసున్న మనిషి. ఈ చిన్న సంగతి ముందే తలకెక్కించుకుని ఉంటే ఆ సాయంత్రం వేరేగా ఉండేది. కింద రాసిందంతా ఆ తప్పు మీరు చెయ్యకుండా ఉండటానికే.

మొదట, "వచ్చేసారి చూద్దాంలే" అనుకోవడం మానండి

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు, ఈ విషయంలో అది అక్షరాలా నిజం. అమెరికన్ రాక్ గాయకుడు టామ్ పెట్టీ 2017 సెప్టెంబర్ 25న హాలీవుడ్ బౌల్‌లో తన టూర్‌లో చివరి షో ముగించారు, సరిగ్గా వారానికి, అక్టోబర్ 2న చనిపోయారు. ఆయనకప్పుడు 66 ఏళ్లే. హెవీ మెటల్ గాయకుడు ఆజీ ఆస్బర్న్ 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో, నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడారు, అదే నెల 22న కన్నుమూశారు. ఆ స్టేడియంలో ఉన్నవాళ్లకు ఆ రోజు ఎలా గుర్తుంటుందో ఊహించుకోండి.

ఇంకో చిక్కు, "వీడ్కోలు టూర్" అన్న మాట. దాన్ని నమ్మి కంగారుపడొద్దు, నమ్మకుండా ధీమాగానూ ఉండొద్దు. బ్రిటిష్ గాయకుడు ఎల్టన్ జాన్ ఇక షోలు చెయ్యనని 1977లోనే ప్రకటించారు, అసలు వీడ్కోలు టూర్ ముగిసింది మాత్రం 2023 జూలైలో, స్టాక్‌హోమ్‌లో. ఆజీ 1992లోనే ఇక టూర్లు లేవు అనే అర్థం వచ్చే పేరు పెట్టి మరీ టూర్ చేశారు! దీనికి పూర్తిగా అడ్డం తిరిగిన కథ ఏరోస్మిత్ అనే అమెరికన్ బ్యాండ్‌ది. 2023 సెప్టెంబర్‌లో వీడ్కోలు టూర్ మొదలుపెట్టి మూడు షోలు చేశారో లేదో, వాళ్ల గాయకుడు స్టీవెన్ టైలర్ గొంతుకు గాయమైంది, 2024 ఆగస్టులో ఇక టూర్లు చెయ్యబోమని ప్రకటించేశారు. నాలుగో షోకి టికెట్ పెట్టుకున్నవాళ్లకు మిగిలింది రీఫండే. అందుకని పోస్టర్ మీద ఏ మాటుందో పట్టించుకోకండి, మీకు అందుబాటులో ఉన్న మొదటి తేదీకి వెళ్లండి. టూర్ మొదటి సగంలోనైతే మరీ మంచిది, వాయిదా పడినా మళ్లీ తేదీ పెట్టడానికి వాళ్లకు సమయం ఉంటుంది.

స్టేజీ మీదకి వచ్చేది ఎవరో తెలుసుకోండి

ఇది చాలామంది చెయ్యరు. బ్యాండ్ పేరు అదే ఉంటుంది, లోపల మనుషులు మారిపోయి ఉంటారు. పాత సభ్యుడు ఒక్కడే మిగిలి, పక్కన అంతా కొత్తవాళ్లుండే బ్యాండ్లు చాలానే తిరుగుతున్నాయి. అది మోసమని నేను అనను, కొన్నిసార్లు ఆ కొత్తవాళ్లే బ్యాండ్‌ని లాగి నిలబెడతారు, కానీ మీరు ఎవరి కోసం వెళ్తున్నారో ఆ మనిషి ఉన్నాడో లేడో కొనకముందే చూసుకోవాలి. రోలింగ్ స్టోన్స్‌ని తీసుకోండి, డ్రమ్స్ వెనక దాదాపు అరవై ఏళ్లు కూర్చున్న చార్లీ వాట్స్ 2021లో పోయారు, ఇప్పుడా చోట స్టీవ్ జోర్డాన్ వాయిస్తున్నారు. మీకు ఆ బ్యాండ్ అంటే గాయకుడు మిక్ జాగరేనా, లేక వెనకనుంచి వచ్చే ఆ డ్రమ్స్ దెబ్బా? జవాబు మీకే తెలియాలి.

తర్వాత, గత రెండు మూడు నెలల్లో ప్రేక్షకులు ఫోన్లో తీసిన వీడియోలు రెండు చూడండి. రెండు చాలు. అధికారికంగా విడుదల చేసిన లైవ్ రికార్డింగులు చూస్తే లాభం లేదు, వాటిలో తప్పులు తర్వాత సరిదిద్ది ఉండే అవకాశం ఎక్కువ. ఫోన్ వీడియోలో సౌండ్ పగిలిపోయి ఉంటుంది, పక్కవాడు అరుస్తుంటాడు, అయినా గొంతు ఇప్పుడు ఎంతవరకు లేస్తోంది, ఎంతసేపు నిలబడుతున్నారు, మాట్లాడుతున్నారా లేదా అన్నది మాత్రం తెలిసిపోతుంది.

ఏ ఊళ్లో ఏ పాటలు పాడారో అభిమానులు నమోదు చేసే సెట్‌లిస్ట్ డాట్ ఎఫ్ఎం అనే సైట్ ఉంది. చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. రాత్రి రాత్రికీ పాటలు మార్చే గాయకుడైతే చూసినా నష్టం లేదు. రోజూ అదే వరసలో పాడేవారైతే మొత్తం తెలిసిపోయి థ్రిల్ పోతుంది. నేను మధ్యేమార్గం పాటిస్తాను, ఒక్క షో జాబితా తెరిచి, అందులో కొత్త పాటలు ఎన్నున్నాయో లెక్కబెట్టి మూసేస్తాను. ఎందుకో తర్వాత చెప్తాను.

టికెట్ దగ్గర ఓపిక పట్టండి

గాయకుడి అధికారిక వెబ్‌సైట్ తెరిచి, టూర్ పేజీలో ఉన్న లింకు మీదే నొక్కండి. సెర్చ్‌లో పైన కనిపించేవాటిలో కొన్ని తిరిగి అమ్మేవాళ్ల సైట్లు, అసలు సైటులాగే ఉంటాయి, అసలు సైట్లో ఇంకా టికెట్లు ఉన్నా వీటిలో ఎక్కువ ధర కనిపిస్తుంది. ఫ్యాన్ క్లబ్ లేదా మెయిలింగ్ లిస్టులో ముందే పేరు ఇచ్చి పెట్టుకుంటే అందరికంటే ముందు కొనుక్కునే ప్రీసేల్ కోడ్ వచ్చే అవకాశం ఉంటుంది. అమ్మకం మొదలయ్యే రోజు పావుగంట ముందే లాగిన్ అయి, కార్డు వివరాలు సేవ్ చేసి కూర్చోండి. ఆన్‌లైన్ క్యూలో ఉన్నప్పుడు టెన్షన్‌తో పేజీ రిఫ్రెష్ కొట్టొద్దు, కొన్నిచోట్ల అలా చేస్తే వరసలో మీ చోటు పోతుంది.

గిరాకీని బట్టి ధర మారే పద్ధతి ఇప్పుడు చాలా అమ్మకాల్లో ఉంది. మొదటి గంటలో ఒళ్లు మండే ధర కనిపిస్తే వెంటనే కొనెయ్యకండి. స్టేజీ, స్పీకర్లు, లైట్లు బిగించాక చూపుకి ఏదీ అడ్డం రావడం లేదని తేలిన సీట్లను నిర్వాహకులు షో దగ్గరపడ్డాక, ఒక్కోసారి అదే రోజున, మామూలు ధరకే అమ్మకానికి వదులుతారు. షో రోజు మధ్యాహ్నం అసలు సైట్‌నే మళ్లీ మళ్లీ చూస్తూ ఉండండి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది ఇంకా తేలిక, వరసల్లో అక్కడొకటి ఇక్కడొకటి మిగిలే సీట్లు ఎప్పుడూ ఉంటాయి. మొహమాటపడకుండా ఒంటరిగా వెళ్లండి, చీకట్లో ఎవరూ మిమ్మల్ని చూడరు.

డబ్బు కట్టే ముందు రెండు విషయాలు చదవండి: షో రద్దయితే ఏమిటి, వాయిదా పడితే ఏమిటి. ఈ రెండూ ఒకటి కావు. రద్దయితే సాధారణంగా డబ్బు వెనక్కి వస్తుంది, వాయిదా పడితే చాలాచోట్ల అదే టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది, డబ్బు కావాలంటే గడువులోగా అడగాలి. పెద్దవయసు గాయకుల విషయంలో వాయిదా మామూలే. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2023లో కడుపులో అల్సర్ వల్ల ఆ ఏడాది మిగిలిన షోలన్నీ తర్వాతి ఏడాదికి మార్చారు, మార్చినట్టే వచ్చి పాడారు కూడా. కాబట్టి ప్రయాణం, బస బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. నేను ఈ మాట వినకుండా ఒకసారి డబ్బు తిరిగిరాని ప్రయాణ టికెట్ కొని, షో వాయిదా పడ్డాక ఊరికే ఆ ఊరు తిరిగొచ్చాను. ఊరు బాగానే ఉంది.

ఎక్కడ కూర్చోవాలి

దగ్గరగా ఉంటే చాలనుకోవడం పొరపాటు. మొట్టమొదటి వరసల్లో ముఖం బాగా కనిపిస్తుంది, సౌండ్ మాత్రం కలగలిసి ఉంటుంది, ఎందుకంటే పెద్ద స్పీకర్లు మీ తల మీదుగా వెనక్కి కొడుతుంటాయి, మీకు స్టేజీ మీద డ్రమ్స్, ఆంప్లిఫయర్ల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. హాలు మధ్యలో సౌండ్ ఇంజనీర్ మిక్సర్ పెట్టుకుని కూర్చునే చోటు కనిపిస్తుంది చూడండి, ఆయన తన చెవికి వినబడేదాన్ని బట్టే అందరికీ సౌండ్ సరిచేస్తాడు. ఆ చుట్టుపక్కల సీటు దొరికితే అదృష్టం. బాల్కనీ కింద బాగా లోపలికి ఉండే సీట్లు వద్దు, అక్కడికి శబ్దం మూతపెట్టినట్టు వస్తుంది.

స్టేడియంలో చాలా వెనక కూర్చుంటే ఇంకో తమాషా. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది, అంటే స్టేజీకి 100 మీటర్ల దూరంలో ఉన్నవాడికి డ్రమ్మర్ చెయ్యి పడ్డాక సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా దెబ్బ వినిపిస్తుంది. దూరం నుంచి చూస్తే ఆయన తాళం తప్పుతున్నట్టు ఉంటుంది, పాపం ఆయన తప్పేం లేదు. మీకు చిన్న థియేటరు, పెద్ద స్టేడియం రెండింటిలో ఎంచుకునే అవకాశం ఉంటే మాత్రం ఏమాత్రం ఆలోచించకుండా థియేటరుకే వెళ్లండి. వయసు మీద పడ్డ గొంతులో ఉండే విశేషాలన్నీ, ఊపిరి తీసుకోవడం, పదం చివర కాస్త వణకడం, అన్నీ చిన్నచోటే వినిపిస్తాయి.

నిలబడి చూసే టికెట్టా, కూర్చునేదా అంటే మీ మోకాళ్లను అడగండి. తలుపులు తెరిచినప్పటినుంచి లెక్కేస్తే నాలుగైదు గంటలు నిలబడాల్సి రావచ్చు.

చెవిని సిద్ధం చెయ్యండి, ఇదే అసలు పని

షోకి ముందు రెండు వారాలు ఆ పాత హిట్ ఆల్బమ్‌ని పక్కన పెట్టండి. అవును, పక్కన పెట్టండి. ఆ గాయకుడి చివరి రెండు మూడు ఆల్బమ్‌లు, ఇటీవలి లైవ్ రికార్డింగులు మాత్రమే వినండి. మొదటి రెండు రోజులు మింగుడుపడదు. వారం దాటాక చెవి కొత్త గొంతుకు అలవాటు పడుతుంది, అప్పుడు ఆ గొంతులో పోయిన దాని బదులు ఉన్నది వినిపించడం మొదలవుతుంది.

గొంతు ఎందుకు మారుతుందో తెలిస్తే ఇంకా ఓపిక వస్తుంది. వయసుతో స్వరతంతువుల సాగే గుణం తగ్గుతుంది, వాటి కండరం పలచబడుతుంది, ఊపిరి బలమూ తగ్గుతుంది, అందుకే పై స్వరాలు అందవు, అందినా నిలవవు. దానికి గాయకులు చేసే మొదటి పని శ్రుతి దించడం. గిటార్లన్నీ అర మెట్టో, ఒక మెట్టో కిందికి ట్యూన్ చేసుకుంటారు, మీకు పాట కాస్త బరువుగా, నీడలో ఉన్నట్టు వినిపిస్తుంది. రెండోది, పై స్వరం వచ్చే చోట లైను మార్చి పాడటం, లేదా కోరస్ గాయకులకు వదిలెయ్యడం, లేదా మైకు జనం వైపు తిప్పడం (ఇది ప్రేమతో చేసినట్టే కనిపిస్తుంది, సగం నిజమే). శాస్త్రీయ సంగీతం వినే అలవాటున్నవాళ్లకు ఇది కొత్తేం కాదు, పెద్ద విద్వాంసులు ముసలితనంలో తారస్థాయి వదిలేసి మంద్రంలోనే రాగాన్ని ఎలా విప్పుతారో విన్నవాళ్లు రాక్ గాయకుడి దగ్గర మాత్రం ఎందుకు మొండికేస్తారో నాకు అర్థం కాదు.

బాబ్ డిలన్ (1941లో పుట్టారు) దగ్గరికి వెళ్లేవాళ్లకు ఈ సలహా రెండింతలు వర్తిస్తుంది. ఆయన పాత పాటల బాణీ, తాళం పూర్తిగా మార్చేస్తారు, పల్లవిలో మాటలు పట్టుకుంటేగానీ ఏ పాటో తెలియని సందర్భాలుంటాయి. చాలా ఏళ్లుగా ఎక్కువగా పియానో ముందే కూర్చుంటారు. 2021లో మొదలుపెట్టిన టూర్‌లో అయితే అప్పటికి కొత్తదైన ఆల్బమ్ పాటలే షోకి వెన్నెముక. గిటారు మెడలో వేసుకుని పాత పాటలు పాడతారనుకుని వెళ్లినవాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు, ఆ కొత్త ఆల్బమ్ నాలుగుసార్లు విని వెళ్లినవాళ్లు మాత్రం ముందుకు వంగి వింటారు. ఇందాక కొత్త పాటలు లెక్కబెట్టమన్నది ఇందుకే.

దీనికి పూర్తి భిన్నం పాల్ మెకార్ట్నీ (1942). రెండున్నర గంటలకు పైగా, ముప్ఫైకి మించి పాటలు, అందరికీ తెలిసినవే ఎక్కువ, గొంతు సన్నబడినా ఆగరు. 2022 నుంచి చేస్తున్న షోలలో బీటిల్స్ బ్యాండ్‌లో ఒకప్పటి తన జోడీ, ఎప్పుడో చనిపోయిన జాన్ లెనన్ పాత వీడియోతో కలిసి పాడే చోటు ఒకటుంది, అక్కడ తెర మీద కుర్రాడి గొంతు, కింద ముసలాయన గొంతు పక్కపక్కన వినిపిస్తాయి.

చెవులు కాపాడుకోండి

ఇది చిన్నగా చెప్పి వదిలేస్తాను, కానీ దాటెయ్యకండి. కార్మికుల ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు వినొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే మిగులుతుంది. రాక్ షోలు 100 చుట్టూ తిరుగుతుంటాయి. ఇంకా నమ్మకం కుదరకపోతే స్టేజీ మీద ఉన్నవాళ్లనే చూడండి: ద హూ గిటారిస్టు పీట్ టౌన్షెండ్ వినికిడి దెబ్బతిని చెవుల్లో హోరుతో దశాబ్దాలు గడిపారు, ఏసీ డీసీ గాయకుడు బ్రయన్ జాన్సన్ 2016లో పూర్తి చెవుడు వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్లు హెచ్చరించడంతో టూర్ మధ్యలో ఆగిపోయారు.

స్పాంజి ఇయర్‌ప్లగ్స్ పై స్వరాలను ఎక్కువగా కోసేస్తాయి, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది. సంగీతకారుల కోసం చేసే, ఫిల్టర్ ఉన్న ప్లగ్స్ అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. అవి కొనండి. నిజానికి వాటితో మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి.

ఆ రోజు

వేదిక నియమాలు ముందురోజే చదవండి, ముఖ్యంగా సంచి సైజు. పెద్ద సంచి పట్టుకెళ్లి గేటు దగ్గర వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు. టికెట్ ఫోన్లో ఉంటే స్క్రీన్‌షాట్ మీద ఆధారపడొద్దు, కొన్ని టికెట్ల కోడ్ మారుతూ ఉంటుంది. లోపల నెట్‌వర్క్ అందకపోవచ్చు కాబట్టి బయటే ఆప్‌లో తెరిచి పెట్టుకోండి. కొందరు గాయకులు ఫోన్లే అనుమతించరు, డిలన్ షోలలో ఫోన్‌ను తాళం పడే సంచిలో పెట్టి మీ చేతికే ఇస్తారు, బయటికి వచ్చాక తెరుస్తారు. అలాంటి షో అయితే తోడు వచ్చినవాళ్లను ఎక్కడ కలవాలో ముందే మాట్లాడుకోండి.

ఆలస్యంగా వెళ్లొద్దు. పెద్దవయసువాళ్లలో చాలామంది చెప్పిన టైమ్‌కి దగ్గర్లోనే మొదలుపెట్టేస్తారు, ముందు పాడే బ్యాండ్ లేకుండా నేరుగా వచ్చేసేవాళ్లూ ఉన్నారు. తొమ్మిదింటికి వెళ్లొచ్చులే అనుకుంటే సగం షో అయిపోతుంది.

లోపల

మొదటి మూడు పాటలకు తీర్పు ఇవ్వకండి. సౌండ్ ఇంజనీర్ జనంతో నిండిన హాలుకు తగ్గట్టు సర్దుకోవడానికి కాస్త సమయం పడుతుంది, ముసలి గొంతు వేడెక్కడానికీ పడుతుంది. నాలుగో పాట నుంచి వేరే మనిషి పాడుతున్నట్టు ఉండటం నేను ఒకటికంటే ఎక్కువసార్లు విన్నాను.

ఫోన్లో ఒక్క పాట తీసుకోండి, ఆ తర్వాత జేబులో పెట్టెయ్యండి. మీ చూపు తెర మీదికే పోతుంటుంది, బలవంతంగానైనా అప్పుడప్పుడూ స్టేజీ మీద ఆ చిన్న ఆకారాన్నే చూడండి. గాయకుడు ఎవరివైపు చూస్తున్నాడో గమనించండి. చాలాసార్లు అది డ్రమ్మరే అయి ఉంటుంది. పాట ఎప్పుడు ఆపాలి, ఇంకో చుట్టు తిప్పాలా అనేది కళ్లతోనే నడుస్తుంది, నలభై ఏళ్లుగా కలిసి వాయించినవాళ్ల మధ్య అదొక భాష. ఫిల్ కాలిన్స్ 2022 మార్చిలో లండన్‌లో తన బ్యాండ్ జెనెసిస్ చివరి షో కూర్చునే పాడారు, ఒకప్పుడు తను వాయించిన డ్రమ్స్ వెనక ఆయన కొడుకు నిక్ ఉన్నాడు. అలాంటి చోట పాట కంటే వాళ్ల చూపులు చూడటానికే డబ్బు పెట్టొచ్చు.

కొత్త పాట అనగానే లేచి బయటికి పోయే అలవాటు ఉంది జనంలో. మీరు కూర్చోండి. హిట్ పాటని ఆయన వేల సార్లు పాడి ఉంటారు, దాన్ని నిద్రలోనూ పాడగలరు. కొత్తది మాత్రం ఇప్పటి గొంతుకు కొలత తీసి కుట్టుకున్న చొక్కా, దానిలోనే ఆయన ఇబ్బంది లేకుండా కదులుతారు.

గట్టిగా కలిసి పాడొచ్చా? హిట్ పాటకి పాడండి, ఎవరూ ఏమనరు. నెమ్మదిగా గిటారు ఒక్కటే పెట్టుకుని పాడుతున్నప్పుడు మాత్రం నోరు మూసుకోండి దయచేసి, పక్కవాడు కూడా టికెట్ కొన్నాడు. మాటలు మర్చిపోయినా, తప్పు తీగ మీటినా నవ్వకండి. ఆయనే నవ్వి మళ్లీ మొదలుపెడతారు, అప్పుడు చప్పట్లు కొట్టండి.

చివరి పాట అయి లైట్లు ఆరాక తొందరపడి పార్కింగ్ వైపు పరుగెత్తొద్దు, ఎంకోర్‌కి మళ్లీ వచ్చి మూడు నాలుగు పాటలు పాడటం మామూలే. హాలు లైట్లన్నీ వెలిగి, స్పీకర్లలో రికార్డు పాట వినిపిస్తేనే అయిపోయినట్టు. స్ప్రింగ్‌స్టీన్ 2012లో హెల్సింకీలో నాలుగు గంటల పైన పాడారు, ఆ రాత్రి ముందే వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో పాపం.

ఇంటికి వచ్చాక

ఆ రాత్రే ఫోన్ వీడియోలు తెరవకండి. సౌండ్ బాగుండదు, మీరు విన్నదాన్ని అది చెరిపేస్తుంది. దాని బదులు పడుకునే ముందు ఒక కాగితం మీద గుర్తున్న మూడు విషయాలు రాసుకోండి, పాటల పేర్లు కాకుండా, కంటికి చెవికి తగిలినవి. నా మొదటి కచేరీ కాగితం మీద "పై స్వరాలు లేవు" అని మాత్రమే ఉంది. నాలుగేళ్ల తర్వాత అదే గాయకుణ్ని రెండోసారి విన్నప్పటి కాగితం మీద ఉన్నవి ఇవి: రెండో పాటలో మాట మర్చిపోయి డ్రమ్మర్ వైపు చూసి నవ్వాడు. నీళ్లు తాగేటప్పుడు ఎడమ చెయ్యి వణికింది. ఆ చేత్తోనే గిటారు పట్టుకున్నాక వణకలేదు.